అట్టలో ఉత్తరం

దానయ్యకు ఇంగ్లీషు రాదు. అంకెలు తెలుసు, సంతకం తెలుసు, అంతే. అయినా రాయపూర్‌లోని ఆ ఆఫీసు పాత రికార్డుల గదిలో ఇంగ్లీషు కాగితాల గురించి అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. కళ్ళు మూసుకుని వేళ్ళతో నలిపి, ఇది విలాయతీ కాగితం, ఇది కలకత్తా మిల్లుది, ఇది సంస్థానాల్లో చేత్తో చేసినది అని చెప్పేస్తాడు. ముప్ఫై ఏళ్ళుగా దఫ్తరీ పని. చిరిగినవి అతికించడం, విడిపోయినవి కుట్టడం, ఫైళ్ళకు అట్టలు వెయ్యడం. ఆ గదికి రికార్డు కీపర్లు ఆరుగురు మారారు గాని దఫ్తరీ మారలేదు.

1969 ఆషాఢంలో ఆ గదికి వాల్తేరు నుంచి చెన్నకేశవులు అనే రిటైరైన ప్రొఫెసరు వచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఉత్తర ప్రత్యుత్తరాలు పోగుచేసి పుస్తకం వెయ్యమని ఏదో సంఘం ఆయన్ని పంపింది. యుద్ధం రోజుల్లో ఈ చుట్టుపక్కల సంస్థానాల రాజుల మీద తెల్లదొరల తరఫున పొలిటికల్ ఏజెంటు అని ఒకాయన రాయపూర్‌లో కూర్చునేవాడు. మనుషుల్ని పంపండి, కలప పంపండి, బియ్యం పంపండి అని ఏజెంటు రాసేవాడు. రాజులు వంగి వంగి దండాలు పెడుతూనే ఎక్కడో ఒక మెలిక పెట్టి జవాబిచ్చేవారు.

"ఆ మెలికలే నాకు కావాలయ్యా" అన్నాడు ప్రొఫెసరు మొదటిరోజే.

గదిలో దానయ్య నోట తెలుగు మాట వినబడేసరికి ఆయనకు ప్రాణం లేచొచ్చింది. దానయ్యకు మాత్రం కొంచెం ఇబ్బందిగానే ఉంది. హిందీలో చెప్పిన పనైతే అర్థం కానట్టు కాసేపు నిలబడి తప్పించుకోవచ్చు. తెలుగులో చెప్పాక ఇంకేం దారి?

చెన్నకేశవులు పద్ధతి మనిషి. తీసుకున్న ప్రతి కాగితానికీ ఒక చీటీ రాసేవాడు. ఏ బీరువా, ఏ కట్ట, కట్టలో ఎన్నోది, తీసి ఇచ్చింది ఎవరు. చివర ‘దఫ్తరీ దానయ్య’ అని రాసి పైకి చదివి వినిపించేవాడు.

"నా పేరెందుకు బాబూ?"

"దొరికిన చోటు చెప్పని కాగితం సగం కాగితమేనయ్యా. రేపెవడైనా వచ్చి, ఇది నువ్వు పుట్టించావు అంటే నేనేం చెప్పను? దానయ్య తీసిచ్చాడు, వెళ్ళి అడగండి అంటాను."

దానయ్య నవ్వి ఊరుకున్నాడు. కాని ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, అచ్చులో నా పేరు పడతాదట అని పెళ్ళాం పైడమ్మకు రెండుసార్లు చెప్పాడు.

సోమవారం నాడు కోసంపూర్ సంస్థానం కట్ట బయటికొచ్చింది. ప్రొఫెసరు పొద్దున్నించీ దాని మీదే వంగి కూర్చున్నాడు. ఒక్కో కాగితం తిప్పడం, మళ్ళీ వెనక్కి తిప్పడం. మధ్యాహ్నానికి కళ్ళజోడు తీసి బల్లమీద పడేశాడు.

"చూడు దానయ్యా, ఏజెంటు రాశాడు, దేశం తూర్పు సరిహద్దులో రోడ్డు పనికి మూడువందల మంది కూలీల్ని పంపమని. ఇదిగో, ఆయనే మళ్ళీ రాశాడు, నలభై నాలుగు ఫిబ్రవరి పద్నాలుగో తారీఖు మీ ఉత్తరంలో పెట్టిన షరతులు ఒప్పుకోవడం కుదరదు అని. మధ్యలో రాజు ఉత్తరం లేదు. అది లేకపోతే ఈ రాజు అడగ్గానే మనుషుల్ని మూటకట్టి పంపేసినట్టు కనిపిస్తాడు. ఏం షరతులు పెట్టాడో, పాపం!" అని మరో పాత ఉత్తరం తీసి, దాని నెత్తిన బంగారు రంగులో ఉన్న అడవిదున్న తల ముద్ర చూపించాడు. "ఈ ముద్ర ఎక్కడైనా కనిపిస్తే నాకు చెప్పాలి."

"అది దొరకదు బాబూ" అన్నాడు దానయ్య. "దాని కోసవే ఒక మనిసి ఉద్యోగం పోయింది. గేటు కాడ టైపు మిషను టకటకలాడిస్తా అర్జీలు రాస్తారు గదా, ఆరే. సూరిబాబు గోరు."

చెన్నకేశవులు రోజూ ఆ మనిషిని దాటుకునే లోపలికొస్తున్నాడు. తెల్లటి చొక్కా, పక్కన గొడుగు, ఎదురుగా వరసగా జనం. ఒకనాడు ఆ గదికి ఆయనే రికార్డు కీపరు. 1951లో సెలవు పెట్టి పార్వతీపురం వెళ్ళాడు. వెళ్తూ బీరువా తాళాలు గుమాస్తా భీమారావుకిచ్చాడు. భీమారావు పరాయివాడేం కాదు, సూరిబాబు భార్యకు తోడబుట్టిన అన్న. తిరిగొచ్చాక పై ఆఫీసరు కోసంపూర్ ఫైలు అడిగితే అందులో రాజు ఉత్తరం మూడు కాగితాలూ లేవు. ఫైల్లో పెట్టే తాళం వేశాను అన్నాడు సూరిబాబు. నేను ఆ బీరువా తెరవనే లేదు అన్నాడు భీమారావు. రాజుగారి మనుషులకు అమ్ముకున్నారని ఊరంతా అనుకుంది. విచారణ చేసినవాళ్ళకు ఏదీ తేలలేదు గాని, గదికి జవాబుదారీ రికార్డు కీపరు కనుక సూరిబాబును తీసేశారు. బావా బావమరుదులిద్దరికీ ఆనాటి నుంచి మాటల్లేవు.

"నన్నూ అడిగినారు బాబూ. నాకేటీ తెల్దు అని సంతకం ఎట్టినాను" అన్నాడు దానయ్య. ఆ మాట నిజమే.

మంగళవారం పెద్ద వాన పడింది. గది మూల కప్పు కారి, అడవుల శాఖ ఫైళ్ళున్న అర ఒకటి తడిసిపోయింది. లోపలి కాగితాలు బాగానే ఉన్నాయి. అట్టలు మాత్రం ఉబ్బి, అంచులు విచ్చుకున్నాయి. దానయ్య వాటిని ఊడదీసి వరండాలోకి తెచ్చుకున్నాడు. మూలలకు వేసిన గుడ్డ గట్టిది, ఇంకా పదేళ్ళు పనికొస్తుంది. అది ఊడదీద్దామని పెద్ద గంగాళంలో నీళ్ళు పోసి అట్టలు నానబెట్టాడు.

ఆ అట్టలు అతను చేసినవే. యుద్ధం నాడు మొదలైన అట్టల కరువు యుద్ధం అయిపోయి ఎన్నో ఏళ్ళయినా తీరలేదు. నాగపూర్ నుంచి సరుకు రావడం ఆగిపోయింది. దఫ్తరీలే అట్టలు చేసుకునేవారు. రద్దీ కాగితాలు, అంటే పనికిరాని చిత్తు కాగితాలు, ఎనిమిదో పదో ఒకదానిమీద ఒకటి మైదా జిగురుతో అతికించడం, పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలపడం, రాతిపలక కింద రెండు రోజులుంచి నీడన ఆరబెట్టడం. అందులో దానయ్యకు తనదంటూ ఒక పద్ధతి ఉంది. పల్చటి కాగితాలు పైకీ కిందికీ వేసి, అన్నిటికన్నా మందమైనవి, మంచివి, నడిమధ్యన వేసేవాడు. అప్పుడు అట్ట వంగదు. అతని అట్టలు వంగవని నాగపూర్ నుంచి వచ్చిన ఆఫీసరు ఒకాయన మెచ్చుకున్నాడు కూడా.

నానిన అట్టను తొడమీద పెట్టుకుని బొటనవేలి గోరుతో పొర లేపాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగో పొర దగ్గర వేలికి కాగితం తేడా తెలిసింది. చేత్తో చేసిన కాగితం. మెల్లగా లాగితే చిరగకుండానే వచ్చింది. తిప్పి చూశాడు. నెత్తిన బంగారు రంగు అడవిదున్న తల.

దానయ్య చుట్టూ చూశాడు. వరండాలో ఎవరూ లేరు. ముద్ర కింద టైపు అక్షరాలు అతనికి అక్కర్లేదు, అంకెలు చాలు. 14. కొంచెం పక్కన 1944. దాని కింద పొర తీస్తే రెండోది, ఆ కింద మూడోది. మూడోదాని అడుగున సంతకం సిరా కాస్త అలుక్కుంది, కాని సంతకమేనని తెలుస్తోంది. మంచి కాగితాలు గనకే నడిమధ్యకు చేరాయి. చెత్త కాగితం మీద రాసి ఉంటే ఈ ఉత్తరం పైపొరలోనే పడి ఎప్పుడో ఎవరి కంటోనో పడేది. 

ఆ మూడింటినీ అద్దుడు కాగితాల మధ్య పరిచి, పైన రాతిపలక పెట్టి, పలక మీద పాత గోనె కప్పాడు. ప్రొఫెసరు లోపలి నుంచి ఏమయ్యా అట్టల సంగతి అని అడిగితే, నానతన్నాయి బాబూ అన్నాడు. బుధవారమూ అదే మాట అన్నాడు.

గేటు దగ్గర సూరిబాబు మిషనులో కాగితం ఎక్కిస్తూ పలకరించాడు. "ఏమోయ్ దానయ్యా, మీ ప్రొఫెసరుకి ఏవిటి దొరికింది?"

"చెదలు" అన్నాడు దానయ్య.

సూరిబాబు నవ్వేడు. పద్దెనిమిదేళ్ళుగా రోజుకు రెండుసార్లు దాటుకుపోయే మనిషి. ఆ మొహంలోకి చూడడం దానయ్యకు ఎప్పుడూ ఇంత కష్టం కాలేదు. 

బుధవారం సాయంత్రం పైడమ్మ బియ్యం ఏరుతోంటే పక్కన కూలబడి అంతా చెప్పేశాడు. రిటైరవడానికి రెండేళ్ళుంది, ఈ మాట బయటికొస్తే ఏమవుతుందో తెలీదు, ఎప్పుడో సచ్చిన రాజు ఉత్తరం వల్ల ఇప్పుడెవరికేటి లాభం అన్నాడు. పైడమ్మ చేట దించకుండా విన్నది.

"అతికించినప్పుడు తెలిసి అతికించినావా?"

"నేదే. అచ్చరం ముక్క రాదు గదా నాకు."

"మరి ఇప్పుడు తెలిసే గదా దాస్తన్నావు" అన్నదామె, ఒక రాయి తీసి పారేస్తూ.

దానయ్యకు ఒళ్ళు మండింది. చెప్పినందుకు తన్ను తనే తిట్టుకున్నాడు. 

గురువారం పొద్దున్నే పలక ఎత్తి, ఆరిన కాగితాలు రెండు చేతుల మీదా పట్టుకెళ్ళి ప్రొఫెసరు ముందు పెట్టాడు. చెన్నకేశవులు మొదట ముద్ర చూశాడు. తర్వాత తారీఖు. తర్వాత కుర్చీ వెనక్కి తోసి లేచి నిలబడే చదివాడు. మొదటి కాగితం నిండా దండాలే. రెండోదానికి వచ్చేసరికి తెలుగులో చెప్పుకుంటూ పోయాడు.

"వినవయ్యా. మా మనుషుల్ని తొలివాన పడేలోగా ఇళ్ళకు చేర్చాలి, వాళ్ళు విత్తుకోకపోతే మరుసటి ఏడు మీకు బియ్యం కూడా పంపలేను అంటాడు. ఇష్టం లేనివాణ్ణి ఒక్కణ్ణి కూడా సరిహద్దు దాటించకూడదంటాడు. ఎవరైనా చనిపోతే నాకు లెక్క రాయవద్దు, పేరు రాయండి అంటాడు." ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఇరవయ్యయిదేళ్ళు ఇతన్ని పిరికివాడనుకున్నారయ్యా అందరూ. ఎక్కడ దొరికింది?"

దానయ్య చెప్పాడు. జిగురు దగ్గర్నుంచి చెప్పాడు. రెండు రోజులు దాచిన సంగతీ చెప్పాడు.

ప్రొఫెసరు సంతోషం నెమ్మదిగా జారిపోయింది. తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఇది మీ పెద్ద గుమాస్తా, ఆ బడేబాబు చెవిన పడితే గదికి తాళం వేసి విచారణ అంటాడు. నా అనుమతి వచ్చే బుధవారంతో సరి. నీ ఉద్యోగానికీ ముప్పే. అందుకని కోసంపూర్ కట్టలోనే, కాగితాల మధ్య ఇరుక్కుని కనిపించిందని రాసేస్తాను. నీకూ మంచిది, నాకూ మంచిది."

"మరి సూరిబాబు గోరికి?"

ఆయన బల్ల మీది చీటీల కట్టను అటూ ఇటూ జరిపాడు.

"దొరికిన సోటు సెప్పకపోతే సగం కాయితం అన్నారు గదా బాబూ. ఈ సగం నాకొద్దు. ఉన్నదున్నట్టు రాసీండి. అతికించినోడు దానయ్య అని రాసీండి. అచ్చులో నా పేరు ఎలాగూ వేస్తానన్నారు, ఇదే వెయ్యండి."

పెద్దాయన మొహం ఎర్రబడింది. సిగ్గుపడ్డాడు, ఆ సిగ్గు దాచుకునే ప్రయత్నమూ చెయ్యలేదు. చీటీ ఇంగ్లీషులో ఒకటి, దానయ్య కోసం తెలుగులో ఒకటి రాసి చదివి వినిపించాడు. అడవుల శాఖ ఫైలు అట్ట, లోపలి నాలుగు, అయిదు, ఆరు పొరలు. రద్దీ అనుకుని 1951లో అతికించినది దఫ్తరీ దానయ్య. కింద తనూ సంతకం పెట్టి, దానయ్య చేతా పెట్టించాడు. బుధవారం వెళ్తూ బడేబాబుకు నేనే చూపిస్తాను, దాచి ఎత్తుకుపోయాననిపించుకోను అన్నాడు.

ఆదివారం దానయ్య తెలుగు చీటీ జేబులో పెట్టుకుని ఊరి చివర మోవా వెళ్ళాడు. సూరిబాబు ఇల్లు బిలాస్‌పూర్ రోడ్డుకు లోపలగా, రెండు గదుల పెంకుటిల్లు. ఆయన వసారాలో కూర్చుని మిషను విప్పి నూనె వేస్తున్నాడు. ఆయన భార్య సుభద్ర తడిబట్టలు పిండి తీగ మీద వేస్తోంది.

"ఏమోయ్, ఇంటిదాకా వచ్చేవు? అర్జీయా?"

దానయ్య చీటీ ఇచ్చి, చేతులు కట్టుకుని మెట్టు కింద నిలబడ్డాడు. సూరిబాబు నూనె వేళ్ళు తుడుచుకుని చదివేడు. మళ్ళీ మొదటినుంచి చదివేడు. 

"నువ్వా?" అన్నాడు చివరికి. "నువ్వట్రా? పద్దెనిమిదేళ్ళు రోజూ నా ముందునుంచి నమస్కారం పెట్టుకుంటూ పోయేవు కదరా!"

"నాకు తెల్దు బాబూ. మంగళారం తెలిసింది. రెండ్రోజులు దాసినాను, అది మాత్రం నా తప్పే. మీరేటి సేసినా పడతాను. ప్రొఫెసరు గోరు ఇది అచ్చు వేస్తారు. మీ మీద నింద పోతాది."

సుభద్ర పిండుతున్న చీర అలాగే పట్టుకుని దగ్గరకొచ్చింది. సూరిబాబు చీటీ ఆమె వైపు చాచబోయి, ఆగేడు. కోపం మధ్యలోనే ఎక్కడో తెగిపోయింది. అర్జీలు రాసే మనిషి, ఎదుటివాడు వదిలేసిన మాట ఎక్కడుందో ఆయనకు వెంటనే తెలుస్తుంది.

"దానయ్యా, రికార్డు కీపరు చెప్పకుండా ఆ గదిలో దఫ్తరీ ఒక్క కాగితం ముట్టుకోడు. నువ్వు అసలే ముట్టుకోవు. ఎవరు తీసుకోమన్నారు?"

"గేపకం నేదు బాబూ."

"ఎవరు తీసుకోమన్నారు?"

"నానే తీసుకున్నాను. కిటికీ మీదుంటే..." అని దానయ్య నాలిక కరుచుకున్నాడు.

సూరిబాబు కిటికీ అన్న మాట దగ్గరే ఆగిపోయేడు. 

"బల్ల నిండిపోయింది ఆ రోజు" అన్నాడు, ఎవరితోనో కాదు, తనతోనే. "సూచీ పట్టికలో తారీఖులు ఎక్కిద్దామని ఆ మూడూ ఫైల్లోంచి తీసేను. బల్ల మీద చోటు లేదు. కిటికీలో రద్దీ కట్ట ఉంటే దాని మీద పెట్టేను. రైలుకి వేళైపోతోంది. నువ్వు అట్టలకి కాగితం లేదన్నావు. కిటికీ మీదున్నది పట్టుకుపో అన్నాను. తల కూడా ఎత్తలేదు. ఫైలు మూసి బీరువాలో పెట్టి తాళం వేసేను. అందులో కాగితాలున్నాయనే అనుకున్నాను. ఇన్నేళ్ళూ అనుకున్నాను."

"బాబూ, అది నానెవరికీ సెప్పలేదు. సెప్పను. సీటీలో కూడా నేదు, సూడండి. మీకు జరిగిందేటో మీకు జరిగింది. ఇప్పుడు మంచి పేరొస్తంటే ఎందుకు సెడగొట్టుకుంతారు? ఒగ్గీండి."

సూరిబాబు లోపలికెళ్ళి కలం తెచ్చుకున్నాడు. చీటీని మోకాలిమీద పెట్టుకుని దానయ్య సంతకం కింద ఒక వాక్యం రాసేడు. రద్దీతో కలిపి ఇచ్చినది రికార్డు కీపరు సూరిబాబు. తారీఖు వేసి సంతకం పెట్టేడు. "ఇది మీ ప్రొఫెసరుకియ్యి. ఇది కూడా వెయ్యమను. లేకపోతే నువ్వు చెప్పినది సగవే అవుతుంది."

చీటీ మీద ఒక్క పంక్తితో ఆయన పద్దెనిమిదేళ్ళుగా మోసుకొచ్చిన న్యాయం కాస్తా పోయింది. అయినా మొహంలో బరువు దిగిన గుర్తు కొంచెం కనిపించింది. అది దానయ్యకు కనిపించింది. సుభద్రకూ కనిపించింది. అదే ఆమెకు భరించరానిదయింది.

"అయితే మా అన్నయ్య బీరువా తెరవలేదు" అన్నదామె.

సూరిబాబు కలానికి మూత పెట్టేడు.

"తెరవలేదని చెప్పేడు. మీ కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పేడు. పిల్లల మీద ఒట్టు పెట్టేడు. వాడు దొంగ, వాడి గడప తొక్కితే మళ్ళీ ఈ గడప తొక్కకు అన్నారు మీరు. తొక్కలేదు. మేనకోడలి పెళ్ళికి వెళ్ళలేదు. మా అమ్మ వాడింట్లో పోతే రోడ్డు మీద నిలబడి చూసి వచ్చేశాను. మీ ఉద్యోగం పోయింది కదా, ఆ బాధలో అంటున్నారులే అని ఊరుకున్నాను. ఎవరు అన్యాయం అయిపోయేరండీ ఈ ఇంట్లో?"

గొంతు పెంచలేదు. ఆమె ఏడుస్తుందేమో అనుకున్నాడు దానయ్య, ఏడవలేదు. చేతిలోని చీర నుంచి నీళ్ళు కారి ఆమె కాళ్ళమీద పడుతున్నాయి.

సూరిబాబు లేచేడు. వంకెనున్న చొక్కా తీసి తొడుక్కుంటుంటే గుండీలు కాజాలు తప్పి పడ్డాయి. విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు. "భీమారావు భన్‌పురిలోనే ఉంటున్నాడా ఇంకా? నేను వెళ్తాను. కాళ్ళు పట్టుకుంటాను. వాడేం అన్నా పడతాను."

"పట్టుకుందురుగాని" అన్నది సుభద్ర. చీర తీగ మీద వేసి, మడతలు సరిచేసి, చేతులు తుడుచుకుంది. "ముందు మీరు వెళ్తే అన్నయ్య మిమ్మల్ని లేవనెత్తి కుర్చీ వేస్తాడు. వాడంతే. మగవాళ్ళిద్దరూ కాఫీ తాగేసరికి సమసిపోతుంది. నా పద్దెనిమిదేళ్ళు ఎవరూ అడగరు. నేను ముందు వెళ్తాను. వాడితో నేను మాట్లాడ్డం అయ్యేవరకూ మీరు వీధిలో నిలబడండి."

సూరిబాబు ఆమెకేసి చూశాడు, సరేనన్నట్టు తలూపేడు.

సుభద్ర చెప్పులు వేసుకుని, వెనక్కి చూడకుండా రోడ్డు మీదకు నడిచింది. సూరిబాబు గొడుగు తీసుకుని పది అడుగుల వెనకాల బయల్దేరేడు. మెట్టు దగ్గర మిగిలిపోయిన దానయ్య చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. వాన వస్తే తడవకుండా మిషను ముక్కలు లోపల పెట్టి, తలుపు దగ్గరగా వేసి, రిక్షా పిలవడానికి వాళ్ళ వెనక పరిగెత్తాడు.